స్లాష్ ఏ కొడితే కనిపించింది

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నసీనులో మీ ఇల్లు ఖాళీ చేస్తూ వదిన నీ పాత కంప్యూటర్ పారేస్తానంటే, ఒక్కసారి ఆన్ చేశాను. నల్ల తెర మీద పాతకాలపు డాస్ వచ్చింది. ఫైళ్ల పేర్లు చూపించమని డిఐఆర్ అని కొట్టాను. నీ ఉత్తరాలు, ఫిజీ తెలుగు సంఘం సభ్యుల పట్టిక వరసగా వచ్చాయి. అవ్వ పెళ్లిపాటల ఫైలు లేదు.

ఏళ్ల కిందట, పాటలు పోయాయన్న రోజూ ఇలాగే కనిపించలేదు. అంతకుముందు నెలరోజులు, రోజూ సువా పట్నంలో పని ముగించుకుని బస్సు దిగి నేరుగా మీ ఇంటికి వచ్చి, అవ్వ పాడుతుంటే ఆ పాటలు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాను. "చెల్లి చెరిపేసింది" అని సంఘంలో అందరి ముందూ చెప్పావు. నేనూ నమ్మి తల దించుకున్నాను.

ఇప్పుడు నాకూ నాలుగు కమాండ్లు తెలుసు. దాచినవి కూడా చూపించమని డిఐఆర్ పక్కన స్లాష్ ఏ కొట్టాను. ఫైలు వచ్చింది. పాటలన్నీ ఉన్నాయి. ఫైలు తనంతట తాను దాక్కోదు. ఆ ఇంట్లో దాచడం చేతనైనవాడివి నువ్వొక్కడివే.

ఎందుకో కూడా తెలుసు. "ఇదేం తెలుగు, సగం హిందీ. ఇండియా పంతులు వింటే నవ్వుతాడు" అని అవ్వ పాటలు విని ముందే అన్నావు.

పాటలు పోయాయంటే అవ్వ, "మళ్లా పాడేకి నాకు దమ్ము లేదు బేటీ" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

రేపు నీ సంవత్సరీకానికి సంఘంలో నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. అవ్వ పాటలు చదువుతాను, ఆవిడ పలికినట్టే. ఎక్కడ దొరికాయో కూడా చెబుతాను.

చివరి రోజుల్లో అవ్వ నా చేతి నీళ్లు తాగలేదు. నువ్వు పోస్తే తాగింది.