సైప్రస్ దీవిలో పాలపిట్ట

ఏమయ్యా, నిన్ననే సూరత్‌కు తిరిగొచ్చాను. నువ్వు పోయాక ఇది మొదటి దసరా. పాలపిట్టను చూడనిదే పండగపూట ముద్ద ముట్టేవాడివి కాదు, దానికోసం బార్డోలీ చెరకు తోటలన్నీ నన్ను స్కూటర్ మీద తిప్పేవాడివి. ఈసారి మనవరాలు పిట్టలను చూద్దామంటూ ఒక గుంపుతో కలిసి సైప్రస్ దీవికి తీసుకుపోయింది. మన ఆనవాయితీ ఇక తెగినట్టేననుకున్నాను.

పండగ పొద్దున కరెంటు తీగ మీద నీలి రెక్కలు కనబడ్డాయి.

"నానమ్మా, గిది మన పాలపిట్ట కాదు, దాని చుట్టం," అంది పిల్ల.

"అయితే ఏందే? పాస్‌పోర్టు చూసి మొక్కుతమా? దండం పెట్టు."

మమ్మల్ని చూసి మా గుంపులోని దొరలూ దొరసానులూ బైనాక్యులర్లు దించి చేతులు జోడించారు. ఆకలైతుందని తొందరపెట్టడానికి నువ్వు లేవు కదా, అది ఎగిరిపోయేదాకా తీరిగ్గా చూశాను.