మిగిల్చిన డీజిల్

జనవరి 9, 1984. సోమవారం

మార్చి ఆఖరు దాకా సరిపెట్టుకోమని డీజిల్ అలాట్‌మెంట్ వచ్చింది. మూడు వందల లీటర్లు. నిరుడు ఇదే మూడు నెలలకు ఐదు వందల యాభై. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. కారణం రాశారు: నిరుడు ఈ స్టేషన్ ఇచ్చినదంతా వాడకుండా కొంత వెనక్కి పంపింది కాబట్టి.

పంపింది నేనే. హోసూరు–కృష్ణగిరి రోడ్డు మీది ఈ ఫైర్ స్టేషన్‌కు ఆఫీసర్‌గా వచ్చిన మొదటి ఏడు. నాన్న హోసూరు బజారులో బెల్లం, చింతపండు అమ్మి మమ్మల్ని పెంచాడు. మిగిల్చినవాడే మొనగాడని ఆయన నమ్మకం. నేనూ మిగిల్చాను. మెచ్చుకుంటూ లెటర్ వచ్చింది. నా భార్య కోమలకు చదివి వినిపించాను కూడా. అంగట్లో మిగిలింది గల్లాపెట్టెలో ఉంటుంది. గవర్నమెంటులో మిగిలింది మరుసటి ఏడు కోతవుతుంది. ఈ మాట ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

జనవరి 21. శనివారం

ప్రతి శనివారం బండిని చెరువు దగ్గరికి తోలుకుపోయి, పంపుతో నీళ్లు పీల్చి చూడాలి. పోను రాను, ఆడించను, పదిహేను లీటర్లు. ముందు ఎండాకాలం. గడ్డివాములు అంటుకునే రోజులు. కాల్ వస్తే పోవడానికి డీజిల్ ఉండాలి. అందుకే శనివారం డ్రిల్ ఆపేశాను.

డ్రైవర్ లింగప్పకు నచ్చలేదు. పంతొమ్మిదేళ్ల సర్వీసు అతనిది. "వద్దు సార్. ఆడించకుంటే పంపు మొండికేస్తాది. వాల్వులు పట్టుకుంటాయి" అన్నాడు. మార్చి దాటనీ అన్నాను. రిజిస్టర్‌లో ఏం రాయాలని అడిగాడు. గడి ఖాళీగా ఉంటే ఇన్‌స్పెక్షన్‌లో ప్రశ్న వస్తుంది. ఆడించినట్టే రాయమన్నాను. అతను నా ముఖం చూసి, పెన్ను అడిగి తీసుకున్నాడు.

ఫిబ్రవరి 4. శనివారం

ఆడించలేదు. "ఆడించినాము, బాగుంది" అని రాయించాను.

ఫిబ్రవరి 13. సోమవారం

పోయిన నెల గోడలకు సున్నం కొట్టించడానికి డబ్బు వచ్చింది. నిరుడే కొట్టించాం. డీజిల్ కింద మార్చుకోనివ్వమని జిల్లా ఆఫీసుకు రాసి పద్దెనిమిది రోజులైంది. జవాబు రాక పోయిన వారం ట్రంక్ కాల్ చేశాను. అది వేరే పద్దు, ఇది వేరే పద్దు అని క్లర్కు చెప్పాడు. ఖర్చు పెట్టకపోతే వచ్చే ఏడు సున్నం కూడా రాదట.

సున్నం కొట్టించాను. స్టేషన్ తెల్లగా మెరుస్తోంది. కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. మిగిలిన లీటర్లు లెక్కవేస్తాను. షెడ్డు దాకా పోతాను, బండి చుట్టూ తిరిగి వస్తాను. మళ్లీ లెక్కవేస్తాను. లెక్క మాత్రం మారదు.

మార్చి 6. మంగళవారం, సాయంత్రం 6.40

బండి షెడ్డులో పెట్టించి వచ్చాను. ఇప్పుడే రాయాలి.

మధ్యాహ్నం రెండుంపావుకు కాల్. పదకొండు కిలోమీటర్ల దూరంలో అక్కమ్మ అనే ఆవిడ కళ్లంలో గడ్డివాము. మేం పోయేసరికి మంట పక్కనున్న పశువుల కొట్టానికి తగులుకుంది. ఆవులను విప్పేశారు. లోపలి కొసన రెండు ఎద్దులు ఉండిపోయాయి. వాకిటికే మంట. నీళ్లు కొడుతూ దారి చేస్తే మనిషి లోపలికి పోగలడు. ఫైర్‌మన్ గుర్రప్ప తడి గోనెసంచి కప్పుకొని సిద్ధమయ్యాడు.

బండి ట్యాంకులో నీళ్లు ఏడు నిమిషాలు వచ్చాయి. దారి పడుతోంది. ట్యాంకు అయిపోయింది. నలభై అడుగుల్లో బావి, నిండా నీళ్లు. పైపు దించాం. పంపు పీల్చలేదు.

లింగప్ప వాల్వు విప్పాడు. పట్టుకుపోయింది. సుత్తితో కొట్టాడు, డీజిల్‌తో కడిగాడు. నేను వాచీ చూస్తున్నాను. గుర్రప్ప నీళ్లు లేకుండానే ఉరికాడు. నేనే అతని చొక్కా పట్టుకొని వెనక్కి లాగాను. అక్కమ్మ "ఈడే ఉండాయి కదప్పా నీళ్లు! ఈడే ఉండాయి కదా!" అని బావి వైపు చెయ్యి చూపిస్తూనే ఉంది. లోపల ఎద్దుల అరుపు. తరువాత అరుపు లేదు.

ఇరవై రెండో నిమిషాన పంపు పీల్చింది. బూడిద మీద నీళ్లు కొట్టాం.

వెనక్కి వచ్చేటప్పుడు బండిలో లెక్కపెట్టాను. ఏడు శనివారాలు. నూట ఐదు లీటర్లు మిగిల్చాను.

మార్చి 7. బుధవారం

రెండు ఎద్దుల ఖరీదు ఎంతని కోమలను అడిగాను. తనకెలా తెలుస్తుందని నా వైపు వింతగా చూసింది.

మార్చి 12. సోమవారం

ఎంక్వయిరీ. రిజిస్టర్ తెప్పించుకున్నారు. ప్రతి శనివారం "బాగుంది" అని ఉంది, కింద లింగప్ప సంతకం. వారం వారం బాగున్న పంపు ఆ రోజే ఎందుకు చెడిందని అడిగితే, తానే సరిగా చూసుకోలేదని లింగప్ప చెప్పాడట.

సాయంత్రం షెడ్డులో పట్టుకున్నాను. ఎందుకట్లా చెప్పావన్నాను. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "రాసింది నా చెయ్యి కదా సార్. ఇంగ రెండేండ్లు పోతే నాకు పెన్షను. మీరు చిన్నోళ్లు. మీకు యాడ దాకానో పోయేదుండాది" అన్నాడు. పెన్షన్ పోతే ఏం చేస్తావన్నాను. గుడ్డ మడిచి బండి సీటు కింద పెట్టాడు.

నాలో ఒక నీచుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఇది కూడా రాసిపెట్టుకుంటున్నాను.

మార్చి 14. బుధవారం

ఎంక్వయిరీ చేసిన జిల్లా ఆఫీసర్ కృష్ణగిరిలో క్యాంపు. బస్సెక్కాను. దారిలో దిగేశాను. కాఫీ తాగాను. హోసూరు వైపు పోయే బస్సు వచ్చింది, ఎక్కలేదు. కృష్ణగిరి బస్సు వచ్చింది, అదీ ఎక్కలేదు. మూడో కాఫీ తాగాను. ఆ తరువాత వచ్చినదానికి బోర్డు చూడకుండా ఎక్కి, కూర్చున్నాక కండక్టర్‌ను అడిగాను. కృష్ణగిరి.

స్టేట్‌మెంట్ ఒక పేజీ. డ్రిల్ ఆపమన్నది నేను. అబద్ధం రాయించింది నేను. లింగప్ప వద్దన్నాడు. ఆఫీసర్ చదివి, నీకు పిచ్చా మునిరత్నం, దీన్ని చింపేయనా అని అడిగాడు. వద్దన్నాను. అలాట్‌మెంట్ తగ్గించిన సంగతి కూడా చేర్చమన్నాడు. అది వేరే కాగితంలో రాస్తానన్నాను. ఇందులో కలిపితే సాకు అవుతుంది.

మార్చి 31. శనివారం

నాకు రెండు ఇంక్రిమెంట్లు కట్. లింగప్పకు వార్నింగ్, అంతే. నాన్నకు చెప్పాను. త్రాసు తట్టలు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

ఆ వేరే కాగితం పంపాను. వచ్చే ఏడు ఎస్టిమేట్. కాల్స్‌కు ఎంత డీజిలో ఎప్పుడూ రాసేవాళ్లం. ఈసారి డ్రిల్‌కు ప్రత్యేకంగా ఒక లైను రాశాను: యాభై రెండు వారాలు, ఏడు వందల ఎనభై లీటర్లు. ఇది ఖర్చు కాకపోతే మిగిలినట్టు కాదు, పని జరగనట్టు అని కింద రాశాను. అంత ఇవ్వరు. సగం ఇచ్చినా సగం వారాలు నిజం రాయొచ్చు.

ఏప్రిల్ 18. బుధవారం

అక్కమ్మ వచ్చింది. నష్టపరిహారానికి ఫైర్ సర్టిఫికెట్ కావాలట. నీళ్లు ఆలస్యం కావడానికి కారణం నేనేనని చెప్పాను. విన్నదో లేదో. రాసింది చదవమంది. చదివాను. గడ్డివాము ఒకటి, కొట్టం ఒకటి, ఎద్దులు రెండు.

"వాటి పేర్లు రాయలేదే అప్పా" అంది.

పేర్లకు కాలమ్ లేదు. ఆవిడ చెబుతుంటే సర్టిఫికెట్‌లో ఖరీదు పక్కన రాశాను. రాముడు. చంద్రుడు. సీలు వేశాను.