ఎర్ర షామియానా కింద తెల్ల పంచె

తిరుపతి

నాయనకు కోమలి దండాలు. ఫోన్‌లో అయితే సగంలోనే పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను. పెళ్లిళ్లలో ఫోటోలు తీసింది చాలు, కెమెరా ఫ్లాష్ అమ్మేసి ఇంటికి రమ్మన్నావు. ఫ్లాష్ అమ్మను, ఇంటికీ రాను.

మొన్న అలిపిరి దగ్గర పెళ్లిలో ఎర్ర షామియానా వేశారు. అలవాటుగా ఫ్లాష్‌ని పైకి తిప్పి కొట్టాను. ఆ గుడ్డ రంగు పడి పెళ్లికూతురి ముఖం ఎర్రగా వచ్చింది. పెళ్లికొడుకు మేనమామ కెమెరాలో అది చూసి, "ఆడపిల్లకి ఇదంతా యాడ తెలుస్తాది? నేరుగా మొగానికే కొట్టు" అన్నాడు. అలా కొడితే ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. "పెద్దాయనా, నీ పైపంచె ఇట్లా పరిచి పట్టుకో" అన్నాను. అందరి ముందూ అడిగేసరికి తీయక తప్పలేదు. ఫ్లాష్‌ని ఆ తెల్లగుడ్డ మీదికి తిప్పితే, వెలుగు మెత్తగా పడి పెళ్లికూతురు చామనఛాయలో కళకళలాడింది. తలంబ్రాలు అయ్యేదాకా ఆయన చేతులు దించలేదు, నేను దించనివ్వలేదు.

విరిగిన అమ్మ చేతికి కట్టిన పుత్తూరు కట్టు విప్పారా? బిందెలు ఎత్తనివ్వకు.

నీ తెల్ల పంచె ఒకటి పంపు. నీలిమందు పెట్టొద్దు, ముఖాలు నీలంగా పడతాయి. పంపకపోతే నేనే వచ్చి దండెం మీద నుంచి లాక్కుపోతాను.

నీ మొండి కూతురు,
కోమలి