ఇరాన్ సినిమాలో కిరాయి

శనివారం, రాత్రి

ఆరు నెలల తర్వాత వదిన ఇవాళ నాతో మాట్లాడింది.

రోడ్డు వెడల్పులో మీ ఇల్లు సగం పోతుందని అప్పట్లో ఆఫీసరు గొంతుతో ఆమెకు ఉత్తుత్తి ఫోన్ చేసింది నేనే. నవ్వుతుందనుకున్నాను. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు.

చేవెళ్ల ఫంక్షన్ హాల్లో విదేశీ సినిమాలు వేస్తున్నారని మా ఆవిడ మా ఇద్దరినీ లాక్కుపోయి, తను మధ్యలో కూర్చుంది. ఇరాన్ సినిమా. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతున్నాయి.

"ఏమంటున్నరంట?" అని వదిన మా ఆవిడను అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది.

"ముసలామె బిడ్డకు సంబంధం చూస్తున్నరు" అని చదివినట్టే చెప్పేశాను.

అంతలో తెర మీది మనిషి కిరాయి అన్నాడు, జమీన్ అన్నాడు, అచ్చం మన దగ్గర అన్నట్టే. వదిన మా ఆవిడ మీదుగా వంగి నన్నే నిలదీసింది.

"కిరాయి అంటుండు గదా మల్లేశా. ఆమెను ఇల్లు ఖాళీ చెయ్యమంటుండు. లగ్గం ఎక్కడున్నది? నీ నోట్లకెళ్లి ఒక్క నిజం రాదా?"

ఇంకో అబద్ధం నాలుక మీదికొచ్చింది. మింగేశాను.

"నాకు ఇంగ్లీషు చదవరాదు వదినా. ఇల్లు పోతదంటే నువ్వు గంత ఏడుస్తవని గూడ తెల్వలే."

ఆమె తెర వైపు తిరిగిపోయింది. కాసేపటికి "ముసలామె తాళం ఇయ్యనంటున్నది, చూడు" అంది. మిగతా కథంతా ఆమే చెప్పింది. సగం తప్పేమో.

క్షమించిందో లేదో అడగడానికి ధైర్యం చాలలేదు...

ఆటో ఎక్కుతూ వదిన "రేపటి సినిమా జపానుదంట" అంది.

"ఆ భాష నీకొస్తదా?" అన్నాను.

"రాదు. ఇద్దరం తెల్వనోళ్లమే కూసుందాం తియ్యి."