ఆరు చలికాలాలు

ఎల్కార్ట్, ఇండియానా
నవంబర్ 9, 2009

ప్రియమైన వెర్లిన్‌కు,

ఇంకా ‘ప్రియమైన’ ఏమిటి అనుకుంటావేమో. ముప్ఫై నాలుగేళ్ల అలవాటు కదా, చెయ్యి దానంతటదే రాసేసింది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచేశాను.

విడాకుల కాగితాలు ఇందులోనే ఉన్నాయి. పసుపు చీటీలు అంటించిన మూడు చోట్లా సంతకం పెట్టి పంపు. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్‌లో మనకు మూడో మాటకే పేచీ వస్తుంది. ఉత్తరమైతే కోపంగా రాసింది చింపేసి మళ్లీ రాసుకోవచ్చు. ఇది అలా రాసిన మూడోది.

ఐలీన్ అక్కయ్య మేడ మీద గది నాకిచ్చింది. ఇక్కడ మన బండిలాంటి ట్రైలర్లు, చక్రాల మీది ఇళ్లు, తయారు చేసే ఫ్యాక్టరీలో కర్టెన్లు కుట్టే పనిలో చేరాను. మనం చలికాలాలు గడిపిన ఎడారిలో ఏ బండికైనా నువ్వు గ్యాస్ హీటర్ బాగు చేస్తుంటే, దాని కిటికీకి నేను కుట్టిన కర్టెన్ వేలాడుతుండవచ్చు. చూస్తే కుట్టు ఎలా ఉందో తిట్టకుండా చూడు.

ఒకటి చెప్పాలి. ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చిన మూడో రోజుకే నా తలనొప్పి పోయింది. ఆరు చలికాలాలు మోసిన తలనొప్పి. అక్కయ్య తన కాఫీ మహిమ అంటుంది. కారణం నాకు తెలుసు. కారణం నువ్వే. రాయడానికి బాధగా ఉంది కానీ రాయక తప్పదు.

వేసవిలో మోంటానా చెరువు దగ్గర మకాం పెట్టినప్పుడు నువ్వు నేను పెళ్లాడిన మనిషివే. పాటలు పాడతావు, పక్క బండ్ల వాళ్లకు చేపలు వేయించి పెడతావు. ప్రతి మే నెలలోనూ నిన్ను క్షమించేదాన్ని. డిసెంబర్ వచ్చేసరికి ఎందుకు క్షమించానా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. పోయిన జనవరిలో పక్క ట్రైలర్ హోయ్ట్ వాళ్లు భోజనానికి వచ్చినప్పుడు, బీన్స్ అడుగంటాయని గిన్నెతో సహా ఇసుకలోకి విసిరేశావు. మర్నాడు పొద్దున్న ఆ గిన్నె ఏదని నన్నే అడిగావు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంకో చలికాలం నా వల్ల కాదు వెర్లిన్.

వేళకు తిను.

నెడ్రా


క్వార్ట్‌సైట్, అరిజోనా
డిసెంబర్ 20

నా ప్రియమైన నెడ్రాకు,

ఈ ఉత్తరం నీకు చేరేదాకా ‘నా’ అని రాసే హక్కు నాకుంది, వాడుకుంటున్నాను.

ఎడారి నిండిపోయింది. చలి తప్పించుకోవడానికి ఉత్తరాది జనమంతా దిగారు, ఎటు చూసినా ట్రైలర్లే. మొన్న మొదటి మంచు పడింది, అందరూ ఒకేసారి హీటర్లు వెలిగించారు, అందరికీ ఒకేసారి నేను గుర్తొచ్చాను. ఒకాయన, కందిరీగలు మట్టి గూళ్లు పెడుతున్నాయని పొగ బయటికి పోయే గొట్టానికి దోమతెర బిగించేశాడు. పొగ పోయే దారి మూస్తారా అని అడిగితే, చూడ్డానికి నీటుగా ఉంది కదా అన్నాడు. తెర పీకేసి గంటసేపు పాఠం చెప్పాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను చెయ్యి పెట్టిన హీటర్ వల్ల ఒక్కరికి తుమ్ము కూడా రాలేదు. అది అలాగే ఉండాలని నా పంతం.

నీ తలనొప్పి పోయిందన్నావు. అది ఎక్కడికీ పోలేదులే, ఇక్కడే నాతో కాపురం చేస్తోంది. పొద్దున లేచేసరికి కణతలు అదిరిపోతుంటాయి. పెట్టిన పనిముట్టు పెట్టినచోట కనబడదు. నిన్న హోయ్ట్ మీద ఎందుకు అరిచానో నాకే తెలియదు, వాడికీ తెలియదు.

నీ కాగితాలు అయిదు వారాలు అలమారలో దాచాను. కనబడకపోతే లేనట్టే అనుకున్నాను. ఇవాళ తీసి మూడు చోట్లా సంతకం పెట్టాను. నాకు తాగుడు లేదు, పేకాట పిచ్చి లేదు. మరి ఈ కోపం ఎక్కణ్నుంచి వస్తోందో నేను చెప్పలేను. పుట్టుకతో వచ్చిందే అయ్యుంటుంది, వయసుతో బయటపడుతోంది. అలాంటివాడితో నిన్ను ఉండమనడం న్యాయం కాదు. అందుకే పెట్టాను.

కాగితాలు జతచేశాను.

వెర్లిన్


ఎల్కార్ట్
జనవరి 6, 2010

ప్రియమైన వెర్లిన్‌కు,

కాగితాలు అందాయి. ఫిబ్రవరి పదిహేడున జడ్జి ముందు నేను ఒక్కదాన్నే హాజరైతే చాలట, ఆ రోజుతో అయిపోతుందని లాయర్ అన్నాడు.

ఇంత తేలిగ్గా ఇస్తావనుకోలేదు. కొట్లాడతావనుకుని రాత్రంతా జవాబులు సిద్ధం చేసుకున్నాను. అవన్నీ మిగిలిపోయాయి, ఏం చేసుకోవాలో తెలియక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

తలనొప్పి విషయం డాక్టరుకు చూపించు. నా మీద కోపంతోనైనా సరే, చూపించు.

నెడ్రా


క్వార్ట్‌సైట్
ఫిబ్రవరి 8

నా ప్రియమైన నెడ్రాకు,

ఇది పదిహేడులోపు నీకు అందాలి. పోస్టాఫీసు అమ్మాయికి రెండుసార్లు చెప్పాను.

పోయిన గురువారం లెటా ప్లెట్ అనే ఆవిడ కబురు పెట్టింది. కెనడా నుంచి వచ్చిన రైతు దంపతులు, పాత ట్రైలర్. హీటర్ వెలుగుతోంది, కానీ గోడ మసిబారుతోందట. నేను సామాన్లు విప్పుతుంటే ఆవిడ బయటికి తొంగి చూసి, ఆయన వినడం లేదని నిర్ధారించుకుని మెల్లగా చెప్పింది.

“మా ఆయన ఇంటి దగ్గర ఎంత మంచివాడో! ఇక్కడికొచ్చి హీటర్ వేసిన దగ్గర్నుంచీ మీద పడి కరుస్తున్నాడు. ఈ పెట్టెలో ఏదో ఉందని నాకు అనుమానం. నవ్వకండి.”

నేను నవ్వలేదు. అలాంటి చోట అందరినీ అడిగే ప్రశ్నలు అయిదున్నాయి నాకు. నీకూ కంఠతా వచ్చే ఉంటాయి, అన్నేళ్లు విన్నావు. తలనొప్పి ఉందా? కడుపులో తిప్పుతోందా? మతిమరుపా? ఊరికే కోపమా? ఈ ఇల్లు వదిలి బయటికెళ్తే తగ్గుతోందా?

అయిదోది అడిగి అక్కడే ఆగిపోయాను నెడ్రా. ఆవిడ ఏదో జవాబు చెబుతోంది, నాకు వినబడటం లేదు. ‘మూడో రోజుకే పోయింది’ అని నువ్వు రాసింది కళ్ల ముందు నిలబడింది. వాళ్ల గ్యాస్ కట్టేసి, గొట్టానికి మూత బిగించి, వాడకూడదని ఎర్ర చీటీ కట్టాను. పనిముట్లు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

మన హీటర్ ఊడదీశాను. దుప్పటి ముసుగేసుకుని, మంట మండే పెట్టె లోపల టార్చి పెట్టి చూశాను. అది బాగుంటే చీకటి తప్ప ఏమీ కనబడకూడదు. మలుపు దగ్గర వేలెడు పొడవున సన్నటి వెలుగు గీత కనబడింది. పగులు. మంట వేడికి అది విచ్చుకుంటుంది, బయటికి పోవాల్సిన పొగ మన గదిలోకి వస్తుంది. ఆ పొగలో ఉండే విషానికి రంగు లేదు, వాసన లేదు. నేను ముప్ఫై ఒక్క ఏళ్లుగా అందరికీ భయం చెప్పే కార్బన్ మోనాక్సైడ్ అదే.

ఆ హీటర్ గుర్తుందా? ఆరేళ్ల కిందట, తుక్కు కింద పోతున్న బస్సులోంచి విప్పుకొచ్చాను. పక్క వాళ్లకు బిగించేదైతే టార్చి పెట్టి చూడకుండా గోడకెక్కించేవాణ్ని కాదు. ఆ రోజు బయట నలుగురు ఎదురు చూస్తున్నారు. మనదే కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత రానే లేదు. రోజంతా నేను బయట తిరిగేవాణ్ని, తలుపులు మూసుకుని లోపల కుట్టుకునేదానివి నువ్వు. నీకు నా చేత్తో నేనే విషం పట్టాను. ఈ వాక్యం రాయడానికి గంట పట్టింది.

హోయ్ట్ ఆ సాయంత్రమే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నెత్తురులో విషం ఉందన్నారు. మతిమరుపూ చిరాకూ దీనివల్ల వచ్చినవే అయ్యుండొచ్చని డాక్టరు చెప్పింది. ఇన్నేళ్ల చలికాలాలు నాకు సగం కూడా గుర్తు లేవు, గిన్నె సంగతి నువ్వు రాస్తేనే తెలిసింది.

ఒకటి మాత్రం అర్థం కావడం లేదు. ఈ విషం గదిలోకి వస్తే కూసే అలారం గోడకుండాలి, ఏమైంది? మేకు ఉంది, అది లేదు.

నెడ్రా, అది నేను కాదు. నిన్ను అన్ని మాటలన్నది, గిన్నె విసిరింది నేను కాదు, ఆ పొగ. మోంటానాలో ఉండేవాడే నేను. మనం విడిపోయింది ఒక రేకు పగులు వల్ల. ఇంత చిన్నదాని కోసం ముప్ఫై నాలుగేళ్లు వదులుకుంటామా? పదిహేడున వెళ్లకు. నిన్ను బతిమాలుకుంటున్నాను.

నీ వెర్లిన్


ఎల్కార్ట్
ఫిబ్రవరి 24

ప్రియమైన వెర్లిన్‌కు,

నీ ఉత్తరం పన్నెండునే అందింది. అయిదు రోజులు నా దగ్గరుంది. ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను, కుట్టు మిషను మీద పెట్టుకుని చదివాను, రెండు కర్టెన్లు తలకిందులుగా కుట్టాను.

ముందు అలారం సంగతి. అది తీసింది నేనే. చలి పెరిగిన సాయంత్రాల్లో గోల పెట్టేది. అది అరిస్తే నువ్వు అరిచేవాడివి. పాతబడితే అలాగే కూస్తాయి, తీసి పారెయ్ అన్నావు. నేను తీసి చెత్తబుట్టలో వేశాను. నిజం చెప్పేది ఆ ఇంట్లో అదొక్కటే ఉండేది, దాని నోరు నొక్కింది నా చెయ్యి. ఈ బరువు నీ ఒక్కడిదే కాదు.

గిన్నె సంగతి మనసులోంచి తీసేశాను. హోయ్ట్ వాళ్ల ముందు అన్న మాటలు కూడా. అవి నువ్వన్నవి కాదని తెలిశాక ఎంత తేలికైందో చెప్పలేను. ఇన్నాళ్లూ నిన్ను ద్వేషించాననుకున్నాను, ఒక రేకు డబ్బాను ద్వేషించానన్నమాట. పదమూడో తారీఖున పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను వెర్లిన్. నిజంగానే.

సగం సర్దాక ఒకటి గుర్తొచ్చి మంచం మీద కూర్చుండిపోయాను. నాలుగేళ్ల కిందట, సెప్టెంబర్. ఇంకా మోంటానాలోనే ఉన్నాం. నువ్వు బండి పక్కన ఇద్దరు గిరాకీలతో మాట్లాడుతున్నావు. నేను వచ్చి అడిగాను: “వెర్లిన్, ఎడారికి బయల్దేరేలోగా మన హీటర్ ఒకసారి విప్పి చూడవూ? అది వేసినప్పుడల్లా నా తల పగిలిపోతోంది.”

నువ్వు వాళ్ల వైపు తిరిగావు. “విన్నారా? కర్టెన్లు కుట్టే ఆవిడ నాకు హీటర్ల పని నేర్పుతోంది. దాని తలలో తేడా ఉంటే నా హీటర్ ఏం చేస్తుంది పాపం!”

వాళ్లు నవ్వారు. మళ్లీ నేను అడగలేదు.

ఆ ఏడాది మన హీటర్ ఏప్రిల్ తర్వాత వెలిగించలేదు. అయిదు నెలలుగా మన ఒంట్లో ఏ పొగా లేదు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఆ మాట అన్నది నువ్వే వెర్లిన్, మోంటానాలో ఉండే నువ్వే, నేను ప్రతి మేలో క్షమించిన మనిషివే. లెటా ప్లెట్ ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ, ఆవిడ చెబితే నవ్వకుండా విన్నావు. నేనూ అదే చెప్పాను. ఆ రోజు విని ఉంటే ఈ నాలుగు చలికాలాలు ఇలా గడిచేవి కాదు.

కోపం పోతే వచ్చేస్తాననుకున్నాను. కోపం పోయింది, రాలేకపోతున్నాను. నీ మీద ప్రేమ లేక కాదు. ఇంకోసారి ఏదైనా నొప్పి చెప్పాలంటే నాకు నోరు రాదు. నోరు రాని చోట ఎలా ఉండను?

పదిహేడున వెళ్లాను. పది నిమిషాల్లో అయిపోయింది.

కొత్త హీటర్ పెట్టేదాకా ఆ ట్రైలర్‌లో పడుకోకు. బిగించేటప్పుడు వేరే ఎవరి చేతనైనా బిగించుకో.

నెడ్రా


క్వార్ట్‌సైట్
మార్చి 7

ప్రియమైన నెడ్రాకు,

కొత్త హీటర్ వచ్చింది. హోయ్ట్ తమ్ముడి కూతురు బిగించింది, ఆ అమ్మాయీ ఈ పనే చేస్తోంది. నేను బయట కుర్చీ వేసుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. రెండుసార్లు సలహా ఇవ్వబోయి ఆగాను. కొత్త అలారం కూడా పెట్టింది. నా తలనొప్పి నాలుగో రోజుకు పోయింది.

నీ ఉత్తరానికి జవాబుగా వాదించడానికి చాలా వెతికాను. పోయిన జ్ఞాపకాలు ఇక తిరిగి రావంది డాక్టరు. ఆ సెప్టెంబర్ కూడా వాటితో పోయిందని రాస్తే నువ్వు నమ్మేదానివేమో. పోలేదు. నువ్వు నీలం స్వెటర్ వేసుకున్నావు, చేతిలో సూది గుచ్చిన గుడ్డముక్క ఉంది. వాళ్లు నవ్వగానే, నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక నువ్వు కూడా కొంచెం నవ్వావు. నీకు నవ్వు రావడం లేదని నాకు కనబడింది నెడ్రా. కనబడిన తర్వాతే నేను ఇంకా గట్టిగా నవ్వాను.

వెర్లిన్