బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టినాయనకి

ఏమండీ, వండుకోవటం రాక గుప్పెడు బియ్యం బుక్కుదామని డబ్బా మూత తీశారన్నమాట! మళ్లీ పెట్టేయండి. షుగరని డాక్టరు అన్నం మాన్పించి ఇరవై రోజులేగా.

చిక్కుడుకాయ కూర, ఉడకేసిన ఆరు కోడిగుడ్లు గూట్లో మూతేసి పెట్టా. మీతోపాటు అన్నం మానిన గోపాలకృష్ణయ్యన్నయ్య, రంగనాయకులు బాబాయి మధ్యాహ్నం వస్తారు. ముగ్గురూ కలిసి తినండి, ఒకరినొకరు కనిపెట్టుకోండి.

వాళ్ల ఆడోళ్లూ నేనూ ఎత్తిపోతల జలపాతం చూడటానికి పోతున్నాం, పొద్దుగూకేసరికి వస్తాం. వాళ్ల బియ్యం డబ్బాల్లోనూ ఇట్టాంటి చీటీలే పెట్టాం. ఎవరు ముందు మూత తీశారో మీలో మీరే తేల్చుకోండి.

ప్రభావతి

మర్చిపోయా. ఆ ఇరవై రోజుల్నుంచీ నేనూ అన్నం ముట్టలా. నా కంచం వంక ఒక్కపూటన్నా చూస్తేగా మీకు తెలిసేది!