సబ్బుతో కడిగిన మేకపిల్ల

మంగళవారం

నిన్న పుట్టిన మేకపిల్లకు ఏ రోగం వస్తుందోనని భయపడి, వాసన సబ్బుతో కడిగాను. అప్పటి నుంచి తల్లిమేక దాన్ని తన్నేస్తోంది, పాలివ్వడం లేదు. పొద్దున పక్కింటి రజియాను అందరి ముందు "నీ దిష్టే తగిలింది" అన్నాను. "జర ముద్దు జేసిన, గంతేనక్కా" అని కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు తల పట్టుకుంది. "అమ్మమ్మా, పిల్ల ఒంటి వాసనల అణువులు తల్లి ముక్కు లోపలున్న ప్రోటీన్లకు అతుక్కుంటేనే గిది నా బిడ్డ అని దానికి తెలుస్తది. నువ్వు గవే కడిగేసినవ్!"

తల్లి పాలే పిండి పిల్ల ఒంటికి రుద్దాం. తల్లి వాసన చూసింది, నాకింది, తాగనిచ్చింది.

రజియా గుమ్మం దాకా పోయాను. సబ్బు సంగతి చెప్పడానికి నోరు రాక ఉప్పు అడిగాను. తను గిన్నె నిండా పోసింది.